మక్తల్ దాకా, జతల లెక్కన

ఈ ప్రయాణంలో పోయినవాటిని ముందే రాసి పెడతాను. ఎడమకాలి చెప్పు ఒకటి. గొడుగు ఒకటి. టిఫిన్ డబ్బా మూత ఒకటి. కీబోర్డు స్టాండు బోల్టు ఒకటి. సీతాఫలాలు రెండు. నోటుబుక్కులో పేజీలు రెండు. పందెం ఒకటి. గొర్రెపిల్ల ఒకటి, అది నా లెక్కలో మాత్రమే పోయింది, మందలో క్షేమంగానే ఉంది. మొత్తం పది.

పదకొండోది కూడా ఒకటుంది. దాన్ని పోయినవాటి కింద రాయాలో, బాకీ కింద రాయాలో తేలక ఆ గడిని చాలా రోజులు ఖాళీగా ఉంచాను.

నా పేరు సైదులు. హుజూర్‌నగర్‌లో ఒక రైసుమిల్లులో ఇరవై నాలుగేళ్లుగా కాంటా దగ్గర పని చేస్తున్నాను. బడి చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. లెక్కలు మాత్రం బస్తాల మీద సొంతంగా నేర్చుకున్నాను. ఎక్కడికి పోయినా మెట్లు, కిటికీలు, కరెంటు స్తంభాలు లెక్కపెట్టకుండా ఉండలేను. పెళ్లిళ్ల రోజుల్లో డోలక్ వాయిస్తాను. అదీ లెక్కేనని నా అభిప్రాయం.

నాతో వచ్చిన ఫర్హానా టీచర్‌ది నల్గొండ. ముప్పై ఆరేళ్లు. ఆమె కళ్లకు వెలుగు, నీడ తప్ప ఇంకేమీ తెలియదు. కీబోర్డు మీద చెయ్యి పెడితే మాత్రం ఒకసారి విన్న పాటను రెండోసారి అడగదు. ఆమె సర్కారు బడులకు వెళ్లి పిల్లలకు పాట నేర్పుతుంది. బారాత్‌లో మోగే తీన్‌మార్, సినిమా పాటల నడక, పిల్లలు సొంతంగా అల్లుకునే మాటలు, ఇవే ఆమె పాఠాలు. షరతు ఒకటే. తరగతిలో ఎంతమంది ఉంటే అంతమందికీ పాటలో పని ఉండాలి. వాళ్ల నాయిన దర్జీ కాబట్టి ఆమె మాట కూడా ఆ పనిలోంచే వస్తుంది: “పాటను పిల్లకు కుట్టాలె అన్నా. పిల్లను కత్తిరించి పాటల దూర్చొద్దు.”

ఈసారి పిలుపు మక్తల్ అవతల ఒక ఊరి ఉన్నత పాఠశాల నుంచి వచ్చింది. బాలల దినోత్సవానికి ఒక పాట కావాలన్నారు. నాలుగు రోజుల పని. తాళానికి నేను.

నల్గొండ: సున్నా టికెట్టు

నల్గొండ బస్టాండులో ఫర్హానా కీబోర్డు సంచి మీద చెయ్యేసుకుని నిలబడి ఉంది. నా అడుగులు ఆమెకు తెలుసు.

“టైమెంత, సైదులన్నా?”

“ఎనిమిదీ పన్నెండు.”

“ఎనిమిదింటికి వస్తనన్నవ్.”

“బస్సు మిర్యాలగూడల పన్నెండు నిమిషాలు ఆగింది.”

“అంటే నువ్వు కరెక్టు, దునియా లేటు. సరే, సంచి పట్టు.”

బస్సులో కండక్టరమ్మ నాకు డబ్బులు తీసుకుని టికెట్టు ఇచ్చింది. ఫర్హానాకు డబ్బులు లేని టికెట్టు చించి ఇచ్చింది. ఇప్పుడు ఆడవాళ్లకు అంతే కదా. ఆ కాగితాన్ని నేను రెండుసార్లు చూశాను. మొత్తం దగ్గర సున్నా అచ్చేసి ఉంది.

“సున్నాకు టికెట్టెందుకమ్మా? ఊకెనే కూసోవెట్టొచ్చు గద?” అన్నాను.

“ఎక్కినోళ్లు లెక్కల ఉండాలె గద సార్,” అంది ఆమె, పక్క సీటుకు పోతూ.

ఫర్హానా ఆ టికెట్టును మడిచి పర్సులో పెట్టుకుంది. “విన్నవా? ఎక్కినోళ్లంత లెక్కల ఉండాల్నట. మన పాఠమే చెప్పింది. పైస తీస్కోకుంట.”

కొండమల్లేపల్లి: మూత, బోల్టు, గొడుగు

మా హుజూర్‌నగర్ వైపు కాలువ నీళ్లు. కిటికీలోంచి చూస్తే వరి, వరి తర్వాత ఇంకో వరి. నల్గొండ దాటాక ఆ పచ్చదనం తగ్గుతూ వస్తుంది. పత్తి చేలు, వాటి నడుమ గుండ్లు, గుండ్ల మీద మేకలు. కొండమల్లేపల్లి దాకా నూట పద్దెనిమిది మేకల్ని లెక్కపెట్టాను, కుడివైపు కిటికీలోంచి కనిపించినంత వరకే.

అక్కడ బస్సు మారాలి. చాయ్ తాగుదామని ఆగాం. పది రూపాయలకు మా దగ్గర ఇచ్చేదానికంటే ఒక గుక్క ఎక్కువే ఇచ్చాడు. టిఫిన్ డబ్బా తెరిచి ఇంటి నుంచి తెచ్చిన పులిహోర తింటుంటే మూత జారి, అంచు మీద నిలబడి, రోడ్డు మీదికి చక్రంలా దొర్లింది. కదులుతున్న బస్సు కింద నుంచి అవతలి పక్కకు పోయి, వాలులో ఇంకా పోయింది. చాయ్ పోసేటాయన దాన్ని కళ్లతోనే సాగనంపాడు.

“నీ మూత దేవరకొండ బస్సెక్కిందే. నువ్వు ఎనక బస్సుకు పో.”

ఆ నవ్వులో మేము బస్సు మారాం, గొడుగు మారలేదు. అది పాత బస్సులోనే హాయిగా ముందుకు పోయింది. కల్వకుర్తి దాటాక సామాను సరిచూస్తే కీబోర్డు స్టాండుకు నాలుగు బోల్టులకు బదులు మూడే ఉన్నాయి. ఫర్హానాకు వరుసగా అప్పజెప్పాను.

“ఇప్పటికి మూడు పోయినయి.”

“నేనున్ననా?”

“ఉన్నవ్.”

“గదే సాలు. ఇగ పండుకో.”

మహబూబ్‌నగర్: రెండు తగ్గిన సీతాఫలాలు

ఇప్పుడు మక్తల్ నారాయణపేట జిల్లాలోకి వచ్చింది గానీ, బస్సులో అడిగినవాళ్లందరికీ “పాలమూరు పోతున్నం” అనే చెప్పాం. మహబూబ్‌నగర్‌లో దిగేసరికి సీతాఫలాల చివరి రోజులు. బస్టాండు బయట ఒకావిడ గంప ముందు కూర్చుంది. ఇరవై పండ్లు తీసుకున్నాను. ఆమె చేతికొకటి చొప్పున గబగబా సంచిలో వేసేసింది. బసకు వచ్చి లెక్కపెడితే పద్దెనిమిది.

వెనక్కి పోయాను. “అమ్మా, రెండు తగ్గినయి.”

“తగ్గయి. మల్ల సూస్కో.”

“మూడుసార్లు సూసిన.”

ఆమె నన్ను కింది నుంచి పైకి చూసింది. “ఎక్కడి సారువయ్య నువ్వు? పండ్లు తింటవా, పరీక్ష రాస్తవా?” అని ఇంకో రెండు చేతిలో పెట్టింది.

తిరిగి వచ్చేసరికి ఫర్హానా మంచం మీద నుంచి లేచి నిలబడి, వెనక చెయ్యి పెట్టుకుని తడుముకుంటోంది. ఆ రెండు పండ్లూ ఆమె కింద నలిగిపోయి ఉన్నాయి. మళ్లీ గంప దగ్గరికి నడిచాను. ఆమె నా చేతిలోని పండ్లు వెనక్కి తీసుకోలేదు. “ఇంతదూరం వచ్చి చెప్పినవ్, తిను,” అంది. కాబట్టి ఆ పూట కొన్నవి ఇరవై, వచ్చినవి ఇరవై రెండు, తిన్నవి ఇరవై, పోయినవి రెండు. లెక్క సరిపోయింది గానీ నాకు సిగ్గు మిగిలింది.

సాయంత్రం ఒక చిన్న మెస్‌లో జొన్నరొట్టెలు తిన్నాం. మేము మూడు పూటలా అన్నం తినేవాళ్లం. ఇక్కడ రొట్టె ముక్కను పల్లీల కారంలో అద్ది, మీద ఉల్లిగడ్డ కొరుక్కుంటారు. వడ్డించే అవ్వ నేను రొట్టెను చెంచాతో తినబోవడం చూసి చెంచా లాక్కుంది. నేను మూడు తిన్నాను. ఫర్హానా నాలుగు తిని, నాకు చెప్పేటప్పుడు మూడు అంది. నేను లెక్కపెట్టాను.

మక్తల్ అవతల: ముప్పై నాలుగో పిల్ల

బడి చుట్టూ కంది చేలు. దూరంగా రోడ్డు మీద కర్ణాటక లారీలు. పిల్లల మాటల్లో అక్కడక్కడా ఒక కన్నడం ముక్క. ప్రధానోపాధ్యాయుణ్ణి అందరూ పెద్దసారు అంటారు. మంచి మనిషి. మాకు చాయ్ తెప్పించి, ఒక కాగితం చేతిలో పెట్టాడు. పాటకు ముప్పై మూడు పేర్లు.

బోల్టు లేని స్టాండు నిలబడలేదు. మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాలు రెండు ఒకదాని మీద ఒకటి వేసి కీబోర్డు పెట్టాను. బస్తాల పని నాకు కొత్త కాదు.

పాట కట్టడం గంటలో అయిపోయింది. ఏం పాట కావాలంటే పిల్లలు రోజూ ఎక్కే బస్సు గురించి కావాలన్నారు. తీన్‌మార్ నడకలో వాళ్లే అల్లారు:

“బస్సొచ్చె బస్సొచ్చె మక్తల్ బస్సొచ్చె
ఎక్కుదమంటె నిండి వచ్చె!”

ఫర్హానా ఒక్కొక్కరి గొంతూ విని పని పంచింది. మాట తడబడే ఒక పిల్లవాడికి “రైట్ రైట్!” అనే కేక ఇచ్చింది. తాళం మీద పడితే వాడికి ఆ మాట ఎక్కడా తట్టుకోలేదు. నోరే విప్పని ఒకమ్మాయికి అన్నం ప్లేటు, చెంచా ఇచ్చింది. అలా ముప్పై మూడు పనులు అయ్యాయి. నేను మాత్రం తలల్ని లెక్కపెట్టాను. ముప్పై నాలుగు.

తలుపు పక్కన ఒక పిల్ల కూర్చుంది. పన్నెండేళ్లుంటాయి. ఆరో తరగతి. పేరు బీరమ్మ.

“ఆ పిల్లకు వినరాదు సార్,” అన్నాడు పెద్దసారు, గొంతు తగ్గించి. “ముందు వరసల కుర్చీ ఏస్తం. కూసొని సూస్తది.”

“కూసొని సూసేతందుకైతే నన్నెందుకు పిలిచిన్రు సార్?” అంది ఫర్హానా. “నాకైతే సూసుడు గూడ రాదు.”

పెద్దసారు నవ్వేశాడు. సరే, ప్రయత్నించండి అన్నాడు.

మధ్యాహ్నం బీరమ్మ వాళ్ల అవ్వ రొట్టె తెచ్చింది. పేరు మల్లవ్వ. భుజాన గొంగడి, చేతిలో కర్ర. వాళ్లు గొర్లకాపర్లు. ఆమె మా దగ్గరికి వచ్చి నేరుగా చెప్పింది.

“సారూ, కోతలైనంక మంద కిష్ణ ఒడ్డు దిక్కు పోతది. నాల్గునెల్లు తిరుగుడే. పిల్లను తోల్కపోదుమా, ఈడ ఉంచుదుమా అని మా ఇంట్ల పంచాయితి. బళ్లె దానికి ఓ పని ఉందంటె ఉంచుతం. ఊకె గోడకు కూసొనుడే అంటె, గొర్లెంబడైతె దానికి పనన్న ఉంటది.”

అప్పటి నుంచి నాకు ఆ పాట బాలల దినోత్సవం పాటలా అనిపించలేదు.

ఒక పాత బెంచీ పలకను వరండాలో పరిచాను. బీరమ్మను చెప్పుల్లేకుండా దాని మీద నిలబెట్టి, రెండో కొసన నా మడమతో తాళం వేశాను. ఆమె ముఖం వెలిగింది. దెబ్బ పాదాల్లోంచి ఎక్కుతోందని అర్థమైంది. ప్రార్థనప్పుడు కొట్టే బడి పెద్ద డ్రమ్మును ఆమె ముందు పెట్టాం. నాలుగు వేళ్లు చూపించి, డ్రమ్ము చూపించాను: నాలుగోదానికి కొట్టు. చేసి చూపించలేదు. వేళ్లతో చెబితే చాలని నా నమ్మకం.

నేను మడమతో ఒకటి, రెండు, మూడు, నాలుగు వేశాను. ఆమె కొట్టలేదు. ఎనిమిదికి కొట్టింది. పన్నెండుకు కొట్టలేదు. పదహారుకు కొట్టింది. నోటుబుక్కులో రాశాను: ఎనిమిది, పదహారు, ఇరవై నాలుగు, ముప్పై రెండు. సరే, తేలిక చేద్దామని మూడు వేళ్లు చూపించాను. ఈసారి ఆరు, పన్నెండు, పద్దెనిమిది.

“సగం దెబ్బలు తప్పుతున్నది,” అన్నాను ఫర్హానాతో. “ఒకటి ఇడిసి ఒకటి.”

ఫర్హానా తల ఒకవైపు వంచి వింటోంది. “తప్పుతలేదన్నా. తప్పేటోళ్ల దెబ్బ వణుకుతది. గీ పిల్లది గట్టిగ, సరిగ్గ పడుతున్నది.”

“సరిగ్గనే పడుతున్నది, రెండోదానికి.”

“మరి ఎప్పుడు సూడు మొదటిదే ఎందుకు తప్పాలె? ఒక్కసారన్న రెండోది తప్పొచ్చు గద? పందెం కట్టు. గా పిల్ల లెక్క కరెక్టయితే రేపు పిల్లలందరి ముంగట నువ్వు పాట పాడాలె.”

నేను జీవితంలో పాడలేదు. కాగితం మీద అంకెలు నా వైపే ఉన్నాయి. కట్టాను.

గొర్ల దొడ్డి

మర్నాడు పొద్దున్నే మల్లవ్వ మమ్మల్ని దొడ్డి దగ్గరికి రమ్మంది. గొర్రెపాలు పోసి కాచిన చాయ్ ఇచ్చింది. చిక్కగా ఉంది. ఫర్హానా రెండోసారి అడిగింది.

మంద బయటికి వదిలే వేళ అది. ముళ్లకంప తలుపు కొంచెమే తెరిచారు. బీరమ్మ పక్కన నిలబడింది. గొర్రెలు తోసుకుంటూ వస్తున్నాయి. అలవాటు కొద్దీ నేను లెక్కపెట్టాను. యాభై ఆరు.

“ఎన్ని?” అని మల్లవ్వ మనవరాలికి చేత్తో సైగ చేసింది. బీరమ్మ రెండు చేతుల వేళ్లూ పూర్తిగా చాచి చూపింది. మళ్లీ చాచింది. మూడోసారి ఎనిమిది వేళ్లు చూపి, తొమ్మిదో వేలును సగానికి వంచి పట్టింది.

ఇరవై ఎనిమిది, ఒక వంకర వేలు. పాపం, సగం దాకానే లెక్కపెట్టింది అనుకున్నాను. అదే మాట మల్లవ్వతో అన్నాను కూడా.

మల్లవ్వ కర్ర నేలకానించి పకపకా నవ్వింది. “సగమెట్లయితది సారూ? తలుపుల రెండు రెండు దూరుతయి. మా ఇంట్ల అంత జతల లెక్కనే. ఒక ఏలు అంటె ఒక జత. ఒంటిది మిగిలితె ఏలు వంచుతం. ఇరువై ఎన్మిది జతలు, ఒక ఒంటిది.”

యాభై ఏడు. నాది యాభై ఆరు.

“ఒకటి ఎక్కువ చెప్పింది,” అన్నాను.

“నువ్వు ఒకటి తక్వ సూసినవ్. తల్లి పొట్ట కింద పిల్ల పోయింది. దానికి కండ్లున్నయి సారూ, చెవులే లేవు.”

ఫర్హానా చాయ్ గ్లాసు కింద పెట్టింది. “అన్నా, నిన్న నువ్వు నాలుగు ఏళ్లు సూపినవ్. అంటే ఆమెకు ఎన్ని?”

నాలుగు జతలు. ఎనిమిది. మూడు వేళ్లు చూపితే మూడు జతలు, ఆరు. ఒక్క దెబ్బ కూడా తప్పలేదు ఆ పిల్ల. నేను అడిగినదే నాకు ఇచ్చింది, వరుసగా, వణుకు లేకుండా. ఇరవై నాలుగేళ్లు కాంటా చూసినవాణ్ణి, ఏ తూకంతో అడుగుతున్నానో చెప్పకుండా అడిగాను.

సరిచూసుకుందామని నోటుబుక్కు కోసం తిరిగాను. గడ్డి మీద పెట్టిన బుక్కును ఒక మేక సగం తెరిచి, నిన్నటి పేజీ, దాని ముందు పేజీ నమిలేస్తోంది. బీరమ్మ పరుగెత్తి లాగింది. అప్పటికే అంకెలు లోపలికి పోయాయి.

“మంచిగైంది,” అంది ఫర్హానా. “గా తప్పు లెక్క మ్యాకకన్న అరుగుతది.”

పందెం పాట

ఆ మధ్యాహ్నం వరండాలో ముప్పై నలుగురు పిల్లల ముందు, పెద్దసారు ముందు, వంట చేసే ఇద్దరమ్మల ముందు నేను పాడాను. బస్సు పాట మొదటి రెండు వరుసలు. మూడో మాటకే పిల్లలు కింద పడి దొర్లారు. బీరమ్మకు నా పాట వినిపించదు. కానీ అందరి ముఖాలు చూసి, నా నోరు చూసి, అందరికంటే ఎక్కువ నవ్వింది.

తర్వాత పని మొదలైంది. తరగతి మొత్తాన్ని జతల లెక్కకు మార్చాం. ఒక జత, రెండు జతలు, మూడు జతలు, నాలుగు జతలు, ధన్! పిల్లలకు అరగంట కూడా పట్టలేదు. సగం మంది ఇళ్లలో అదే లెక్క, బడికి వచ్చి దాచుకున్నారు అంతే. నాకే గంట పట్టింది.

పెద్ద డ్రమ్ము ప్రతి ఎనిమిదికీ ఒక్కసారి పడేసరికి పాట మారిపోయింది. ముందు రోజు పిల్లలు బస్సు వెనక పరుగెత్తుతున్నట్టు పాడారు. ఇప్పుడు ప్రతి వరుస చివరా ఆ దెబ్బ కోసం ఆగి, ఊపిరి తీసుకుని, మళ్లీ ఎక్కుతున్నారు.

“నిన్న నాలుగుకే కొడ్తుంటే పాట ఆగమయ్యేది,” అంది ఫర్హానా. “నీకంటే ఆమెకే ఎక్కువ తెలుసు, సైదులన్నా.”

మొత్తం పదహారు చుట్లు అనుకున్నాం. బీరమ్మవి పదహారు దెబ్బలు. మడమకు దెబ్బ తెలియాలని చెప్పులు విప్పి పక్కన పెట్టాను. పాట అయ్యేసరికి ఎడమది లేదు. బడి కుక్క దాన్ని నోట కరిచి కంది చేలోకి పోతుండగా అందరం చూశాం. వెంబడించింది నలభై మంది. దొరకలేదు.

బాలల దినోత్సవం

షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, మైకులో ఎవరో అరగంట ప్రసంగం. పెద్దసారు ముప్పై మూడు రంగు రుమాళ్లు తెప్పించి ఉన్నాడు. ముప్పై నాలుగోది తన మెడలోని కండువా తీసి బీరమ్మ తలకు కట్టాడు.

మల్లవ్వ ముందు వరుసలో కూర్చుంది. ఆ పూట మందను తన కొడుకుకు వదిలి వచ్చింది.

పలకను వేదిక మీద పరిచాం. నేను ఒక కొసన, బీరమ్మ ఒక కొసన. ఫర్హానా కీబోర్డు అందుకుంది. బస్సు బయల్దేరింది. మొదటి చుట్టు చివర, నాలుగో జతకు, ధన్! షామియానా గుంజలు అదిరాయి. రెండో చుట్టుకు జనం తిరిగి చూశారు. మూడో చుట్టుకు వెనక నిలబడిన పెద్దపిల్లలు ఆ దెబ్బతో పాటు చప్పట్లు కొట్టారు. ఐదో చుట్టుకు ప్రసంగం చేసిన పెద్దమనిషి లేచి తీన్‌మార్ ఆడాడు. “రైట్ రైట్!” అని కేక పడింది. బీరమ్మ కర్ర ఎత్తుతూ నన్ను చూసి నవ్వింది. నేనూ నవ్వాను. అక్కడ లెక్క తప్పింది.

ఎన్నో చుట్టులో ఉన్నానో తెలియలేదు. మడమ వేస్తూనే ఉంది, తల ఖాళీ. ఆపమని చెయ్యి ఎత్తాల్సింది నేనే. దిక్కు తోచక ముందు వరుస చూశాను. మల్లవ్వ మనవరాలి దెబ్బల్ని వేళ్ల మీద లెక్కపెడుతోంది. ప్రాణం లేచి వచ్చింది. చూస్తే ఎనిమిది వేళ్లు. ఎనిమిది జతలు. పదహారు. సరిగ్గా అయిపోయింది! చెయ్యి ఎత్తాను. మడమ ఆపాను. ఫర్హానా కీబోర్డు ఆగింది, పిల్లలు ఆగారు. జనం ఈలలు వేశారు.

బీరమ్మ ఎత్తిన కర్ర ఎత్తినట్టే ఉంది.

ఆమె నన్ను చూసింది. రెండో చేత్తో నాలుగు వేళ్లు చూపింది. నాలుగు జతలు. ఇంకా ఎనిమిది ఉన్నాయి.

మైకులో అప్పటికే తర్వాతి నాటకం పేరు చదివేశారు. వేదిక దిగి మల్లవ్వ దగ్గరికి పరుగెత్తాను, ఒక కాలికి చెప్పుతో.

“ఎనిమిది ఏళ్లు సూపినవ్ గదా అవ్వా! ఎనిమిది జతలు గావా?”

“కావు సారూ. నీ లెక్కనే వెట్టిన. ఒక్క దెబ్బకు ఒక్క ఏలు.” ఆమె కొంచెం సిగ్గుపడింది. “ఇంతమంది సదువుకున్నోళ్ల నడుమ మా జతల లెక్క ఏం బాగుంటదని, నిన్న రాత్రంత నీది నేర్చుకున్న.”

వెనక నుంచి ఫర్హానాకు అంతా వినిపించింది. బియ్యం బస్తాలకు ఆనుకుని, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. నాకు మొదట నవ్వు రాలేదు. తర్వాత వచ్చింది.

“అవ్వా,” అన్నాను, “మళ్లెప్పుడు గా పని చెయ్యకు. నీ లెక్కే మంచిగుంది.”

తిరుగు బస్సు

బస్టాపు దాకా మల్లవ్వ, బీరమ్మ వచ్చారు. బీరమ్మ ముఖం ముడుచుకునే ఉంది. నాలుగు వేళ్లు దించలేదు.

“పిల్లేమంటున్నది?” అని ఫర్హానా అడిగింది.

“బాకీ అడుగుతున్నది బిడ్డా,” అంది మల్లవ్వ. “అది వసూలయ్యేదాక గొర్లెంబడి రాదట. ఈడ దాని సిన్నమ్మ తాన ఉండి బడికి పోతదట. పంచాయితి తెగింది. నేనూ, దాని నాయిననే పోతం.”

బస్సు వచ్చింది. పాటలోలాగే నిండి వచ్చింది. ఎక్కి కిటికీలోంచి చెయ్యి ఊపాను. బీరమ్మ అటూ ఇటూ చూసి, అరచేత్తో బస్సు రేకు మీద ఒకటి వేసింది. ధన్! కండక్టరు కొట్టాడనుకుని డ్రైవరు బస్సు కదిలించాడు. లోపల కండక్టరు “ఎవర్రా అది?” అని అరుస్తున్నాడు. బయట బీరమ్మ గంతులేస్తూ కొత్త లెక్క చూపింది: మూడు వేళ్లు, వంచిన వేలు ఒకటి. ఒకటి తనే వసూలు చేసుకుంది.

మల్లవ్వ బస్సు పక్కన నాలుగడుగులు నడిచింది. “జల్ది తీర్చకు సారూ! ఏడాదికొక్కటి తీర్చు!”

కల్వకుర్తి వచ్చేదాకా నేను ఆ లెక్కే వేశాను. వచ్చే ఏడు ఏడో తరగతిలో ఒకటి. అలా పదో తరగతి దాకా నాలుగు. ఇంటర్‌లో రెండు. ఆఖరిది తీరేనాటికి డిగ్రీ మొదటి సంవత్సరం. ఫర్హానాకు చెబితే, “ఎవరికి బాకీ పడాల్నో తెలిసి పడ్డవన్నా,” అని నిద్రపోయింది.

బీరమ్మ ఇప్పుడు రోజూ ప్రార్థనలో పెద్ద డ్రమ్ము కొడుతుంది. అవి ఈ లెక్కలోకి రావట. మొన్న ఆదివారం వాళ్ల చిన్నమ్మ ఫోన్‌లో వీడియో కాల్ చేసింది. పలకరింపు లేదు, ఏమీ లేదు. మూడు వేళ్లు, వంచిన వేలు ఒకటి. నేను రెండు చేతులూ జోడించాను. ఆమె వేళ్లు దించలేదు.

ఆ పదకొండో గడిని నిన్న నింపాను. పోయినవాటి కింద కాదు. ఇవ్వవలసినవాడు సైదులు, పుచ్చుకోవలసింది బీరమ్మ. ఈ రోజుకు బాకీ, దెబ్బలు ఏడు.